ముఖం కనపడని హెల్మెట్ అద్దం: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరుల్లో స్కూల్ యానివర్సరీల సీజన్ వస్తే, వేషాలకు హెల్మెట్లు చేసే నాకు ఫోన్లు మొదలవుతాయి. రోబో, రేసర్, వ్యోమగామి, అంతరిక్ష సైనికుడు... వేషం ఏదైనా కోరిక ఒక్కటే: "అద్దంలో ఎదుటివాళ్లు కనపడాలి, లోపల మనిషి కనపడకూడదు." 2023 ఆగస్టులో చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగినప్పటి నుంచి నన్ను అడిగేవాళ్లలో సగం మంది వ్యోమగామి వేషమే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే సంగతులన్నీ ఇక్కడ రాసి పెడుతున్నాను.

అద్దంలా మెరిసే ఫిల్మ్ అతికిస్తే ముఖం దాగిపోతుంది కదా. ఇంకేం కావాలి?

దాగదండీ. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ముఖాన్ని దాచేది మెరుపు కాదు, హెల్మెట్ లోపలి చీకటి. మెరుపు దానికి తోడు మాత్రమే.

మీ ఇంటి కిటికీకి కట్టిన దోమల మెష్‌ని గుర్తు చేసుకోండి. మధ్యాహ్నం వీధిలో నిలబడి చూస్తే లోపల ఏమీ కనపడదు, లోపలున్నవాళ్లకి వీధంతా కనపడుతుంది. సాయంత్రం లోపల ట్యూబ్‌లైట్ వేయగానే అంతా తిరగబడుతుంది. బందరు రోడ్డులో అద్దాల బిల్డింగులూ అంతే. పగలు ఆకాశం ప్రతిబింబిస్తుంది, రాత్రి లోపల కుర్చీలు లెక్కపెట్టవచ్చు. ఆ అద్దంలో వన్ వే మహిమ ఏమీ లేదు. రెండు వైపులా ఒకేలా పనిచేస్తుంది. వెలుగు ఎటు ఎక్కువుంటే అటువాళ్లకి అద్దం, ఎటు తక్కువుంటే అటువాళ్లకి కిటికీ.

లెక్కలో చూపిస్తాను. 20 శాతం వెలుగుని లోపలికి వదిలే వెండి ఫిల్మ్ తీసుకుందాం. బయట 100 వంతుల వెలుగుంటే, సగానికి పైగా అక్కడే తిరిగి వెళ్లిపోతుంది. 20 వంతులు ముఖం మీద పడతాయి. చర్మం అందులో మూడో వంతు, అంటే ఏడు వంతులు వెనక్కి కొడుతుందనుకుందాం. ఆ ఏడులో మళ్లీ 20 శాతమే ఫిల్మ్ దాటి బయటికి వస్తుంది, అంటే ఒకటిన్నర వంతు కూడా ఉండదు. యాభై దాటిన ప్రతిబింబం ముందు ఒకటిన్నర వంతు ముఖం ఎవరికి కనపడుతుంది? వెలుగు ఫిల్మ్‌ని రెండుసార్లు దాటాల్సి రావడం వల్లే ఇంత బలం. లోపల ఒక చిన్న లైటు పెట్టారా, ఆ వెలుగు ఒక్కసారి దాటితే చాలు. హాల్లో లైట్లు తగ్గించిన క్షణంలో ముఖమే గెలుస్తుంది.

లోపల చీకటి ఎలా తేవాలి?

సగం పని ఇదే, ఖర్చు మాత్రం చాలా తక్కువ.

మొదట హెల్మెట్ లోపలి గోడలకు మ్యాట్ బ్లాక్ స్ప్రే కొట్టండి. మామూలు బ్లాక్ పెయింట్ మెరుస్తుంది, పనికిరాదు. అంతకంటే మంచిది నల్ల మఖమల్ గుడ్డ. వన్ టౌన్‌లో వస్త్రలత వైపు వెళితే అరమీటరు కూడా కోసి ఇచ్చే షాపులు ఉంటాయి. మఖమల్ నూగు వెలుగుని మింగేసినట్టు ఏ రంగూ మింగదు. రబ్బరు గమ్ముతో అంటించి, ఆరడానికి ఒక రోజంతా వదిలేయండి. ఆ వాసన పోకుండా తల పెడితే తలనొప్పి ఖాయం.

రెండోది, వేసుకునే మనిషికి నల్ల మంకీ క్యాప్. బైకు నడిపేవాళ్లు వేసుకునే పలచటి రకం అయితే మన ఎండలకు బాగుంటుంది. కళ్లు ఒక్కటే బయట ఉండాలి.

మూడోది మెడ దగ్గర సందు. దీన్ని ఎవరూ పట్టించుకోరు. మా మేనల్లుడి వ్యోమగామి హెల్మెట్‌కి ఫిల్మ్ బ్రహ్మాండంగా కుదిరింది. ఇంట్లో చూసి అందరం మురిసిపోయాం. తీరా స్టేజీ ఎక్కాక వాడి గడ్డం, కింది పెదవి స్పష్టంగా కనపడ్డాయి. వాడు లోపల స్కూల్ యూనిఫాం తెల్ల చొక్కా వేసుకున్నాడు. పైనుంచి పడ్డ లైటు మెడ సందులోంచి దూరి, తెల్ల కాలరు మీద పడి, గడ్డం కింద దీపం పెట్టినట్టు వెలిగించింది. అప్పటి నుంచి ప్రతి హెల్మెట్‌కీ మెడ చుట్టూ నల్ల గుడ్డతో ఒక కుచ్చు కుడుతున్నాను. లోపల వేసుకునే బనియన్ కూడా నల్లదే అడుగుతాను.

ఇంకా చిన్నవి: కళ్లజోడు ఫ్రేము, ముక్కుపుడక రాయి, నుదుటి మీద విభూతి. ఇవి చీకట్లో కూడా మిలమిలలాడతాయి. ముక్కుపుడక మీద మంకీ క్యాప్ లాగండి. కళ్లజోడు తప్పదంటే నల్ల ఫ్రేము వాడండి.

ఏ ఫిల్మ్ కొనాలి? ఎక్కడ దొరుకుతుంది?

ఇళ్ల కిటికీలకు, ఆఫీసు అద్దాలకు వేసే వెండి రంగు సన్ కంట్రోల్ ఫిల్మ్. షాపులో "మిర్రర్ ఫిల్మ్" అన్నా ఇస్తారు. పాలిస్టర్ పొర మీద, గాలి లేని గదిలో అల్యూమినియాన్ని ఆవిరి చేసి పలచగా పట్టిస్తారు. చిప్స్ ప్యాకెట్ లోపలి వెండి మెరుపు కూడా ఇలా వచ్చిందే. పూత పలచగా ఉంటే కొంత వెలుగు దాటుతుంది, మందంగా ఉంటే దాటదు.

అంటించే ఫిల్ముకి నంబరు ఉంటుంది. 35 అంటే 35 శాతం వెలుగు దాటుతుంది. స్టేజీ మీద పెద్దవాళ్లకు 20 బాగుంటుంది. పిల్లలకు 35 చాలు, లోపల మంకీ క్యాప్ ఎలాగూ ఉంటుంది. 5 నంబరు ఫిల్మ్ షాపులో చూస్తే మనసు లాగేస్తుంది, అంత అందంగా మెరుస్తుంది. కొనకండి. హాల్లో మెట్లు కనపడవు.

ఇంటీరియర్ సామాను అమ్మేవాళ్ల దగ్గర, ఆటోనగర్ చుట్టుపక్కల కారు డెకార్ షాపుల్లో అడగండి. మనకు కావాల్సింది ఒక్క అడుగు ముక్క. రోల్ చివర మిగిలిన తుంపులు ఉంటాయి, అవే అడిగితే తక్కువలో ఇస్తారు. కొనే ముందు ఆ ముక్కని కళ్లకు అడ్డం పెట్టుకుని షాపు లోపలికి, వీధి వైపుకి తిరిగి చూడండి. షాపు లోపల మెట్టు కనపడిందా, కొనండి.

కార్లకు ఫిల్మ్ నిషేధం కదా, కొంటే ఇబ్బంది లేదా?

2012లో సుప్రీంకోర్టు చెప్పింది వాహనాల అద్దాలకు ఫిల్మ్ అంటించడం గురించి. కిటికీలకు, వేషాలకు సంబంధం లేదు.

వైజర్, అంటే ముఖం ముందుండే హెల్మెట్ అద్దం, దేంతో చేయాలి?

ఒక మిల్లీమీటరు మందం పెట్‌జీ షీటు నా మొదటి ఎంపిక. ఇదొక పారదర్శక ప్లాస్టిక్. గ్లో సైన్ బోర్డులు చేసేవాళ్లకు, ఆక్రిలిక్ షీట్లు అమ్మేవాళ్లకు ఇది తెలుసు. కత్తెరతో తెగుతుంది, విరిగితే గాజులా పదునైన ముక్కలు కావు. ఆక్రిలిక్ మెరుపు బాగుంటుంది కానీ వంచితే ఫట్‌మంటుంది. పిల్లల ముఖం ముందు అది నాకు ఇష్టం లేదు. పాలికార్బొనేట్ గట్టిదే గానీ, ఆ షీటు లోపలి నుంచి గాలి మెల్లగా బయటికొచ్చి, అంటించిన కొన్నాళ్లకు ఫిల్మ్ కింద బుడగలు లేస్తాయి. వాడాల్సి వస్తే ప్రోగ్రాంకి రెండు మూడు రోజుల ముందు అంటించండి.

నర్సరీ పిల్లల ఫ్యాన్సీ డ్రెస్‌కి స్టేషనరీ షాపులో దొరికే ఓహెచ్‌పీ షీటు సరిపోతుంది. అట్ట హెల్మెట్, ఓహెచ్‌పీ షీటు, పైన ఫిల్మ్. ఒక పూటకు చాలు.

ముడతలు, బుడగలు లేకుండా ఫిల్మ్ ఎలా అంటించాలి?

వంచిన వైజర్ మీద అంటించకండి. షీటు బల్ల మీద చదునుగా ఉన్నప్పుడే అంటించి, ఆ తర్వాత కత్తిరించి, వంచి, హెల్మెట్‌కి బిగించండి. ఈ ఒక్క మాట ముందే తెలిసుంటే నా మొదటి మూడు వైజర్లు పాడయ్యేవి కావు.

ఫ్యాన్ ఆపండి. ఫ్యాన్ తిరుగుతుంటే దుమ్మంతా వచ్చి గమ్ము మీదే కూర్చుంటుంది. నేల తడిబట్టతో తుడిచి పది నిమిషాలు ఆగండి. స్ప్రే బాటిల్లో నీళ్లు పోసి, నాలుగు చుక్కల బేబీ షాంపూ కలపండి. షీటు మీదున్న కవర్ తీసి బాగా తడపండి. ఫిల్మ్ వెనక గమ్ము మీదుండే పలచటి పొర (లైనర్) తీయడానికి చిన్న కిటుకు ఉంది: ఒక మూల రెండు వైపులా సెల్లోటేపు ముక్కలు అంటించి, రెండింటినీ చెరో వైపు లాగితే పొర విడిపోతుంది. గోళ్లతో గీకితే ఆ మూల మడత పడి, ఆ మడత ఎప్పటికీ పోదు. గమ్ము వైపు కూడా నీళ్లు కొట్టండి. వేళ్లు కూడా తడిగా ఉండాలి. పొడి వేలు తగిలితే వేలిముద్ర అక్కడే ఉండిపోతుంది.

ఇప్పుడు ఫిల్మ్‌ని షీటు మీద పరిస్తే చేప పిల్లలా జారుతుంది. భయపడకండి, అలా జారితేనే సర్దుకోవచ్చు. మొబైల్ షాపులో స్క్రీన్ గార్డు అంటించే ప్లాస్టిక్ ముక్కకు మెత్తటి గుడ్డ చుట్టి, నడిమధ్య నుంచి అంచులకు నీళ్లు తోయండి. తోసిన ప్రతిసారీ ఒకే వైపుకి, ఒకే ఒత్తిడితో. నీళ్లు బయటికి వస్తున్నంతసేపూ తోయాలి. తర్వాత కూడా లోపల మంచులా మసకగా కనపడుతుంది. అది తేమ, రెండు రోజుల్లో ఆరిపోతుంది. సూదితో పొడవకండి. ఆరాకే కత్తిరించండి, లేకపోతే అంచు లేస్తుంది.

ఫిల్మ్ షీటుకి బయటి వైపు ఉండాలి. లోపల అంటిస్తే గీతలు పడవు, నిజమే. కానీ నల్లటి స్మోక్ షీటు వాడేవాళ్లు లోపల అంటిస్తే, వెలుగు ఆ నలుపుని దాటి వెళ్లి, మళ్లీ దాటి రావాలి. మెరుపు చచ్చిపోతుంది. బయట వెండి, వెనక నలుపు ఉంటే రెండూ కలిసి పనిచేస్తాయి. 50 శాతం వెలుగు వదిలే స్మోక్ షీటు మీద 20 నంబరు ఫిల్మ్ అంటిస్తే లోపలికి వచ్చేది 10 శాతమే అని మాత్రం గుర్తుంచుకోండి.

బిగించడానికి ఫెవిక్విక్ లాంటి సూపర్ గ్లూ వాడకండి. దాని ఆవిరికి షీటు చుట్టూ తెల్లటి పొగ మచ్చ పడుతుంది. చిన్న బోల్టులు, వాషర్లు మేలు. లేదా వెల్క్రో పెట్టండి, అవసరమైతే ఒక్క లాగుకి ఊడొస్తుంది.

నాది గుండ్రటి డోమ్. దానికి ఫిల్మ్ పట్టడం లేదు.

పట్టదు. కాగితాన్ని ఫుట్‌బాల్ చుట్టూ చుట్టి చూడండి, ముడత పడకుండా ఉండదు. ఫిల్మ్ ఒక వైపుకే వంగుతుంది, డబ్బా చుట్టూ చుట్టినట్టు. హీట్ గన్‌తో కొద్దిగా ముడుచుకుంటుంది గానీ, కింద ఉన్నది పెట్‌జీ అయితే 80 డిగ్రీల దగ్గరే మెత్తబడి వైజరే వంకర పోతుంది.

దారులు రెండు. ఒకటి, డోమ్ ముందు డబ్బా వంపుతో విడిగా ఒక వైజర్ బిగించడం. దూరం నుంచి చూస్తే తేడా తెలియదు. రెండోది వన్ వే విజన్ స్టిక్కర్: బస్సుల అద్దాల మీద యాడ్స్ వేసే, సన్నటి చిల్లులున్న స్టిక్కర్. ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపుల్లో దొరుకుతుంది. బయట మీరు కోరిన రంగు ప్రింట్ చేస్తారు, వెనక నల్లగా ఉంటుంది. వినైల్ కాబట్టి కొంచెం సాగుతుంది. అద్దంలా మెరవదు, కానీ ముఖాన్ని మాత్రం బాగా దాస్తుంది. రోబో వేషానికి నేను దీన్నే వాడతాను.

క్రోమ్ స్ప్రే కొడితే సరిపోదా?

సరిపోదు. క్రోమ్ స్ప్రే మందంగా కొడితే లోపలి నుంచి ఏమీ కనపడదు. పలచగా కొడితే బూడిద రంగు మచ్చలు. హెల్మెట్ పెంకుకి కొట్టుకోండి, వైజర్‌కి వద్దు.

బైకు హెల్మెట్లకు వేసే మెర్క్యురీ గ్లాసు రెడీమేడ్‌గా దొరుకుతుంది. అది వాడొచ్చా?

చేతి పని కష్టమనుకుంటే మంచి దారి. వెండి రంగులోనూ, ఇంద్రధనస్సు రంగుల్లోనూ వస్తాయి. హెల్మెట్ షాపులో అడిగితే చూపిస్తారు. వంపు తిరిగిన అద్దం మీదే పూత వేసి వస్తుంది కాబట్టి ముడతల బాధ లేదు. పగటి వెలుగులో బాగుంటుంది. అది ఒక్కటే మొత్తం దాస్తుందని మాత్రం అనుకోకండి. పైన చెప్పిన నల్ల గుడ్డ, మంకీ క్యాప్ దీనికీ కావాలి.

వ్యోమగామి వైజర్ బంగారు రంగులో ఉంటుంది కదా?

అవును. అపోలో యాత్రల్లో బయటి వైజర్‌కి నిజమైన బంగారం పూత, చాలా పలచగా వేశారు. ముఖం దాచడానికి కాదు. ఎండ తీవ్రతను, వేడినిచ్చే పరారుణ కిరణాలను వెనక్కి కొట్టడానికి. 1969 జులైలో చంద్రుడి మీద బజ్ ఆల్డ్రిన్‌ని నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ తీసిన ఫొటో చూడండి. ఆల్డ్రిన్ ముఖం కనపడదు. వైజర్‌లో లూనార్ మాడ్యూల్, దాని పక్కన చిన్నగా ఆర్మ్‌స్ట్రాంగ్ కనపడతారు. ఫొటో తీసిన మనిషి అందులోనే ఉన్నాడన్న సంగతి నేను పిల్లలకు చూపించినప్పుడల్లా వాళ్ల కళ్లు పెద్దవవుతాయి. మీ పాప వ్యోమగామి వేషం వేస్తుంటే ఈ ఫొటో ముందు చూపించండి.

మనకు బంగారం అక్కర్లేదు. బంగారు రంగు మిర్రర్ ఫిల్మ్ దొరుకుతుంది, అంటించే పద్ధతి అదే.

హెల్మెట్ లోపల ఎల్ఈడీలు పెడితే అందంగా ఉంటుంది కదా?

అంతరిక్షం సినిమాల్లో హెల్మెట్ లోపల లైట్లు ఉంటాయి. నటుల ముఖం ప్రేక్షకులకు కనపడాలని పెడతారు. మనకు కావాల్సింది దానికి పూర్తిగా విరుద్ధం. లైట్లు కావాలంటే బయట, చెవుల దగ్గర, ముందుకు చూసేలా పెట్టండి. వైర్లు దూరిన చిల్లుల్లోంచి వెలుగు లోపలికి రాకుండా నల్ల టేపు వేయండి.

ఫొటోల్లో ముఖం కనపడుతోంది, ఎదురుగా చూస్తే కనపడటం లేదు. ఎందుకు?

ఫ్లాష్ వల్ల. దగ్గర్నుంచి ఫ్లాష్ కొడితే ఆ వెలుగు లోపలికి దూరి ముఖాన్ని తాకుతుంది. అద్దంలో ప్రతిబింబించే హాలేమో చీకటిగా ఉంటుంది. కాబట్టి ముఖానిదే పైచేయి. ఫొటోగ్రాఫర్‌కి ముందే చెప్పి ఫ్లాష్ లేకుండా, పక్కల నుంచి సాఫ్ట్ లైటుతో తీయమనండి. ప్రోగ్రాం ముందు రోజు రాత్రి మీరే గదిలో లైటు ఆర్పి మొబైల్ టార్చ్‌తో ఒకసారి పరీక్షించుకోండి. ఏ మూల నుంచి ఏం కనపడుతుందో అప్పుడే తెలిసిపోతుంది.

లోపల ఆవిరి పట్టేస్తోంది. ఏం చేయాలి?

కృష్ణ ఒడ్డున ఉన్నాం, ఉక్క మనకు కొత్త కాదు. ఊపిరి ఆవిరి చల్లటి వైజర్ మీద పేరుకుంటుంది. గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క లోపలి వైపు రాసి, మెత్తటి గుడ్డతో మరక పోయేదాకా తుడిస్తే ఒక గంట ఆగుతుంది. అసలు మందు మాత్రం గాలి. గడ్డం కింద గాలి దూరే దారి, నడినెత్తి వెనక వేడి గాలి పోయే దారి ఉండాలి. ఐదు వోల్టుల చిన్న ఫ్యాన్ ఒకటి వెనక పెట్టి, నడుముకి పవర్ బ్యాంక్ కట్టండి. ఫ్యాన్ గాలిని బయటికి లాగేలా తిప్పి పెట్టండి, కళ్లలోకి కొట్టేలా కాదు. వెలుగు రాకుండా ఆ చిల్లులకు నల్ల మెష్ వేయండి.

చీకటి కావాలని మెడ దగ్గర గాలి ఆడకుండా మూసేయవద్దు. ప్లాస్టిక్ కవర్లు, టేపు వద్దే వద్దు. కుచ్చు వదులుగా వేలాడాలి. వేసవి ప్రోగ్రాం అయితే పిల్లలకు పది నిమిషాల కంటే ఎక్కువ ఉంచకండి. తీసిన వెంటనే నీళ్లు తాగించండి.

వేసుకున్నాక ఎంతవరకు కనపడుతుంది?

స్టేజీ లైట్ల కింద ఎదురుగా ఉన్నది బాగానే కనపడుతుంది. కాళ్ల కింద కనపడదు. లైట్లు పడని సైడ్ వింగ్‌లో దాదాపు ఏమీ కనపడదు. ప్రమాదం జరిగేది స్టేజీ మీద కాదు, దిగే మెట్ల దగ్గర. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో అయినా, గుంటూరు వెంకటేశ్వర విజ్ఞాన మందిరంలో అయినా, స్కూలు గ్రౌండ్‌లో వేసిన చెక్కల స్టేజీ అయినా, చేయి పట్టుకుని నడిపించే మనిషి ఒకరు ఉండాలి. రిహార్సల్ హెల్మెట్ పెట్టుకునే చేయించండి. మెట్ల అంచుకి తెల్ల టేపు వేయండి.

ఇది పెట్టుకుని బండి మీద స్కూలుకి వెళ్లొచ్చా?

వద్దు. వేషం హెల్మెట్ తలను కాపాడదు. బండికి ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్ ఉండాల్సిందే. వేషం హెల్మెట్ సంచిలో పెట్టి తీసుకెళ్లండి. అంచులకు పాత దుప్పటి చుడితే ఫిల్మ్ మీద గీతలు పడవు.

మురికి పడితే ఎలా తుడవాలి?

షాంపూ నీళ్లు, మెత్తటి కాటన్ గుడ్డ. థిన్నర్, పెట్రోలు, అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్లు తగిలితే ప్లాస్టిక్ నెర్రెలు విచ్చుతుంది, పూత మసకబారుతుంది.

పుట్టినరోజు ఫంక్షన్లో చిన్నపిల్లలు హెల్మెట్ చూసి ఏడ్చారు. ఏం చేయాలి?

మూడు నాలుగేళ్ల పిల్లలకు ముఖం లేని మనిషి భయమే. వాళ్ల తప్పేం లేదు. పగటి వేషగాళ్లు ఎంత రంగు పూసుకున్నా కళ్లు కనపడతాయి, నవ్వు కనపడుతుంది. మనం దాచింది అదే. అందుకే పుట్టినరోజులకు చేసే హెల్మెట్లకు నేను వైజర్‌ని రెండు పక్కలా ఒక్కో బోల్టుతో పైకి లేచేలా బిగిస్తాను. గదిలోకి వచ్చేటప్పుడు వైజర్ పైకెత్తి, మంకీ క్యాప్ గడ్డం కిందికి లాగి ఉంచమని చెబుతాను. పిల్లల ముందు మోకాళ్ల మీద కూర్చుని, పేరు అడిగి, వాళ్ల ముఖమే అందులో కనపడేలా నెమ్మదిగా కిందికి దించాలి. తమ ముఖం తాము చూసుకోగానే ముందుగా చేయి చాపేది తరచుగా, అంతకుముందు ఏడ్చిన పిల్లే.